కొండమీద సముద్రపు గది

పెంకును వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. డబ్‌మంటే కంటికి ఆనని చీలిక ఉన్నట్టు. అరకు లోయలో ఒక ఊరి చివర, సగం విప్పేసిన పాత ఇంటి ముందు ఇద్దరు మనుషులు పొద్దుటినుంచీ ఇదే పనిలో ఉన్నారు. ఖంగుమన్న బెంగుళూరు పెంకు ఎడమ దొంతరలోకి, డబ్‌మన్నది కుడి దొంతరలోకి. ఎడమ దొంతర నత్తనడక నడుస్తోంది. కుడిది మోకాలి ఎత్తు దాటింది.

పెద్దాయన కొండదొర, రిటైరైన పంతులుగారు. ముప్పయ్యేళ్లు గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో లెక్కలు చెప్పారు. చిన్నవాడు ఆయన మేనల్లుడు. విశాఖలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, గోవాలో మూడేళ్లు ఒక హోటల్లో పనిచేసి, ఇంటికి తిరిగొచ్చాడు. తండ్రి ఇచ్చిపోయిన ఇంటి వెనక భాగాన్ని హోమ్‌స్టే చేస్తున్నాడు. మూడు గదులు మామూలువే. నాలుగోది మాత్రం ఎవరూ చూడనిది కావాలని పట్టుపట్టాడు. దానికి ‘టికీ రూమ్’ అని పేరు కూడా పెట్టేశాడు.

“టికీ అంటే ఏట్రా అల్లుడూ? బజార్లో అమ్మే ఆలూ టిక్కీయా?”

“కాదు మావయ్యా. పసిఫిక్ దీవులవాళ్ల పూర్వీకుల బొమ్మలు. ఆ దీవుల్లో ఉన్నట్టు గది అలంకరించడం. వెదురు, చాపలు, వలలు, లాంతర్లు. అమెరికాలో పెద్ద ఫ్యాషను ఒకప్పుడు.”

“మరి మనం ఏ దీవిలో ఉన్నాం?”

మేనల్లుడు మాట్లాడలేదు. ఇంకో పెంకు తీసి కొట్టాడు. డబ్.

పంతులుగారి వెటకారం ఎలా ఉన్నా, ఆ మాట వెనక చరిత్ర చిన్నదేం కాదు. న్యూజిలాండ్ మావోరీల పురాణంలో మొట్టమొదటి మనిషి పేరు టికీ. మార్క్వెసాస్ దీవుల్లో రాతితో, కర్రతో చెక్కిన పూర్వీకుల రూపాలకూ అదే పేరు. ఆ దీవులు ఎక్కడ, కాలిఫోర్నియా ఎక్కడ! అమెరికాలో మద్యనిషేధం 1933 చివర్లో ఎత్తేయగానే ఎర్నెస్ట్ గాంట్ అనే దేశదిమ్మరి హాలీవుడ్‌లో ఒక ఇరుకు బారు తెరిచాడు. చేతిలో డబ్బు అంతంతమాత్రం. అందుకని దీవుల్లో తిరిగినప్పుడు పోగేసుకున్న సామాను, సముద్రపు ఒడ్డున ఏరుకున్న విరిగిన పడవ చెక్కలు గోడలకు కొట్టాడు. ‘డాన్ ది బీచ్‌కోంబర్’ అని బోర్డు పెట్టి, ఆఖరికి తన పేరు కూడా డాన్ బీచ్ అని మార్చుకున్నాడు. 1934లో ఓక్లండ్‌లో విక్టర్ బెర్జిరాన్ తెరిచిన చిన్న హోటలే తర్వాత ‘ట్రేడర్ విక్స్’ అయింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసి పసిఫిక్ నుంచి సిపాయిలు ఇళ్లకు వచ్చారు. 1947లో థోర్ హెయర్డాల్ అనే నార్వే సాహసి ‘కోన్-టికీ’ అనే బాల్సా దుంగల తెప్ప మీద పెరూ నుంచి 101 రోజులు ప్రయాణించి దీవులు చేరాడు. 1959లో హవాయి అమెరికాకు రాష్ట్రమైంది. ఇక చూడాలి, ఊరూరా టికీయే. కారు షెడ్డు, ఇంటి కింద గది, ఏది ఖాళీగా ఉంటే దానికి వెదురు తడికలు కొట్టి, జపాను జాలరుల వలల నుంచి తెగి అలల మీద కొట్టుకొచ్చిన గాజు బుడ్డీలు వేలాడదీసి, సొంతంగా దీవులు కట్టుకున్నారు.

“చూశావా మావయ్యా, మొదట ఇది డబ్బులేనివాడి గదే. ఏరుకొచ్చిన దానితో కట్టింది. నాకు అందుకే నచ్చింది. బ్యాంకు లోను లేదు, మార్బుల్ లేదు. ఊళ్లో పారేసినవే నా సరుకు.”

“ఏరుకొచ్చింది చెక్కయితే నాకేటి బాధ? దేవుడైతే ఎలగ?”

ఈ ప్రశ్న దగ్గరే రోజంతా గడిచిపోయింది.

*

ముందు చెక్క సంగతి. వసారాలో గోడకు ఆనించి ఎనిమిది పలకలున్నాయి, గులాబీ చాయ గోధుమరంగు, మీద చేప పొలుసుల్లాంటి మెరిసే చారలు. సిల్వర్ ఓక్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో చెట్లు కూలిన సంగతి అందరికీ గుర్తే. కొండల మీద కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్‌లు వరసలు వరసలుగా పడిపోయిన సంగతి కింద వాళ్లకు అంతగా తెలియదు. నీడ పోయి కాఫీ మొక్కలు ఎండకు మాడాయి. మేనల్లుడి తండ్రి అప్పుడు తన తోటలో పడ్డ రెండు చెట్లను కోయించి అటక మీద పెట్టారు. పదేళ్లు ఆరిన కర్ర అది. మేకు దిగదు, ముందు బెజ్జం వేయాలి.

“ఇది మన కొండ కర్ర. దీంతో కౌంటరు చేస్తాను. ఏం తప్పు?”

“మన కొండదా?” పంతులుగారు నవ్వారు. “సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా తూర్పు తీరం చెట్టురా. తెల్లవాళ్లు తోటల కోసం తెచ్చారు. నీ పసిఫిక్ సముద్రం ఒడ్డుదే. ఈ ఇంట్లో నిజంగా నీ టికీకి దగ్గర చుట్టం అదొక్కటే.”

మేనల్లుడు ఆ దెబ్బకు నోరు తెరిచాడు. కానీ ఆ మాట తనకే పనికొస్తుందని క్షణంలో కనిపెట్టాడు. కాఫీ ఆఫ్రికా నుంచి వచ్చింది. నవంబరు, డిసెంబరులో టూరిస్టులు ఫొటోల కోసం ఎగబడే పచ్చటి వలిసె పూలు ఇథియోపియా సంతతి. అనాస దక్షిణ అమెరికాది. ఈ లోయలో చూడ్డానికొచ్చేవాటిలో సగం బయటివే అయినప్పుడు, ఒక గది పేరు బయటిదైతే కొంప మునిగిందా?

“మొక్క వచ్చి వేళ్లూనింది. మా నాన్న వలిసెలు జల్లేడు, నూనె ఆడించేడు. నీ టికీకి ఇక్కడ వేరేదిరా?”

గట్టి జవాబే. అయినా ఇక్కడ పంతులుగారు కొంచెం తొండి చేశారనిపిస్తుంది. ఏ వేరైనా మొదటి ఏడాది వేరు కాదు.

రైలు స్లీపర్ల దగ్గర మాత్రం తొండికి తావు లేదు. కొత్తవలస–కిరండూల్ మార్గం బైలదిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసింది. అరకు పక్కనున్న శిమిలిగుడ, 996 మీటర్ల ఎత్తున, చాలాకాలం దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషను. పట్టాల కింద కర్ర స్లీపర్లు పోయి కాంక్రీటువి వచ్చాయి. తీసేసిన కర్రలు రైల్వే వేలంలో తుక్కు వ్యాపారుల చేతికి, వాళ్ల దగ్గర్నుంచి కాఫీ షాపులకు, రిసార్టులకు వెళ్తున్నాయి. మేనల్లుడు ఆరు తెచ్చాడు. బెంచీలు చేసి గదిలో వేద్దామని.

పంతులుగారు వంగి వాసన చూశారు. “ఎండకు తారు కారుతోంది చూడు. ఇంట్లో పెడతావా దీన్ని?”

ఆ నల్లటి జిగురు క్రియోసోట్, బొగ్గు తారు నుంచి తీసే నూనె. చెద పట్టకుండా, కుళ్లకుండా స్లీపర్లకు పట్టిస్తారు. క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం చేర్చిన జాబితాలో ఉందది. ఇళ్ల లోపల వాడకానికి పనికిరాదు. చెక్కి, రందా పట్టినా లోపలిదాకా ఇంకిపోయి ఉంటుంది. పాత సామానుతో ఇల్లు కట్టుకునే మోజు పెరిగాక పత్రికల్లో స్లీపర్ బల్లల ఫొటోలు అందంగా వేస్తున్నారు, ఈ ఒక్క ముక్క మాత్రం రాయడం మర్చిపోతున్నారు. వాదన అయిదు నిమిషాల్లో తేలింది. ఆరు స్లీపర్లూ బయట వాలు మీద మెట్లయ్యాయి.

వెదురు దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. పెళ్లిపందిరి విప్పిన బొంగులు, పాత దడి బొంగులు చౌకగా దొరికాయి. అయితే కోసిన వెంటనే వాడిన బొంగైతే ఆరునెలలకే నేల మీద సన్నటి పిండి రాలుతుంది. లోపలి తీపి పిండిపదార్థం కోసం పురుగు దూరుతుంది. “గెడ్డలో రాళ్లు బరువు పెట్టి నాలుగు వారాలు ముంచీ. ఆ తీపి పోతే పురుగూ పోద్ది,” అన్నారు మావయ్య. బోరాక్సూ బోరిక్ యాసిడూ కలిపిన నీళ్లలో ముంచితే ఇంకా ఎక్కువకాలం ఉంటుందని అల్లుడు. రెండూ చేశారు. చట్టం కూడా కొంచెం మెత్తబడింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. 2017 సవరణ అడవి బయట పెరిగిన వెదురును ‘చెట్టు’ లెక్క నుంచి తప్పించింది. అంతకుముందు గడ్డిజాతి మొక్క అయిన వెదురు కాగితం మీద వృక్షంగా బతికింది.

*

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి మేనల్లుడు తెచ్చిన నైలాన్ వల మూట విప్పేసరికి ఎండుచేపల వాసన వాకిలంతా కమ్ముకుంది. కుక్క వచ్చి కూర్చుంది.

“సముద్రానికి వంద కిలోమీటర్లు పైనున్నాం. తొమ్మిదొందల మీటర్ల ఎత్తున ఉన్నాం. ఈ వల్లో ఎవర్ని పడతావ్, టూరిస్టుల్నా?”

“అదే మావయ్యా థీమ్ అంటే. లేనిదాన్ని ఉన్నట్టు.”

“ఉన్నదాన్ని లేనట్టు చేయడం కూడా దాన్లో భాగమేనా?”

పంతులుగారు లేచి వెళ్లి తన ఇంటి చూరులోంచి ఒక వస్తువు తెచ్చారు. వెదురు చీలికలతో అల్లిన చేపల బుట్ట, చెయ్యంత పొడుగు. వానల్లో గెడ్డకు అడ్డంగా పెట్టేది. మూతి దగ్గర చీలికలు లోపలికి వంచి ఉంటాయి. చేప వాటిని తోసుకుని లోపలికి వెళ్తుంది, తిరిగి వద్దామంటే మొనలు ముఖానికి గుచ్చుకుంటాయి. మేనల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు, ఫోను టార్చి వెలిగించి లోపల పెట్టాడు. చీకటి వంటింటి గోడమీద సన్నటి గీతలు విచ్చుకున్నాయి, నీటి అడుగున కనబడినట్టు. ఇద్దరూ కాసేపు ఏమీ అనలేదు.

వల మూట కోళ్ల గూటికి పోయింది.

ఈ ఒప్పందం చూసి తగువు తీరిందనుకుంటే పొరపాటు. మధ్యాహ్నం చోడి అంబలి తాగుతుండగా మేనల్లుడు నోరు జారాడు. కోరాపుట్ వైపు ఒక ఊరి దగ్గర పెద్ద పలకరాళ్లు ఊరికే పడి ఉన్నాయట, స్నేహితుడు ట్రాక్టరులో తెస్తానన్నాడట. కూర్చోడానికి బాగుంటాయని.

పంతులుగారు గ్లాసు కింద పెట్టేశారు. “గదబల ఊరా?”

“అవును, అనుకుంటా.”

గదబ ఊళ్లలో చెట్టు కింద గుండ్రంగా పేర్చిన రాళ్లుంటాయి. సోదోర్ అంటారు. పెద్దలు కూర్చుని తగువులు తీర్చేది అక్కడే. చనిపోయినవాళ్ల కోసం దున్నలను బలిచ్చి చేసే పెద్ద కర్మలో రాళ్లు నిలబెడతారు. ఆదిలాబాద్ మార్లవాయి గోండుల మధ్య బతికినందుకు తెలుగువాళ్లకు బాగా తెలిసిన హైమెన్‌డార్ఫ్ ఈ గదబ రాళ్ల ఆచారం గురించి 1943లోనే రాశారు. చూసేవాడికి అది బండ. ఆ ఊరివాడికి తాత.

“నీ టికీ అంటే ఏటన్నావ్ పొద్దున్న? పూర్వీకుల రూపం అన్నావు కదా. మరి ఇదేటి? అమెరికావోడు వాళ్ల తాతల బొమ్మల్ని గ్లాసులు చేసి దాన్లో రమ్ము పోసుకు తాగేడు. నువ్వు వీళ్ల తాత మీద కూర్చుని పకోడీ తింటావు.”

ఆయన అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. 1819లో హవాయి రాజు పాత ఆచార నిషేధాలను రద్దు చేసినప్పుడు గుళ్లలోని కర్ర విగ్రహాలు ఎన్నో తగలబడ్డాయి. అవే ముఖాలు శతాబ్దం తర్వాత పింగాణీ మగ్గులై బారు అరల్లో వరసగా నిలబడ్డాయి. మన దగ్గరా దారి మొదలైంది. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో, ఒడిశా వైపు సవరలు ఇంటి లోపలి గోడ మీద వేసే ఇడిటాల్ బొమ్మ అలంకారం కోసం పుట్టింది కాదు. ఫలానా ఆత్మకు ఇల్లు కట్టి ఇచ్చినట్టు అది. వెరియర్ ఎల్విన్ 1950లలో ఆ సంగతి వివరంగా రాశాడు. ఇప్పుడా గీతలు చీరల అంచుల మీద, హోటల్ లాబీల్లో ఉన్నాయి.

మేనల్లుడు ట్రాక్టరు స్నేహితుడికి ఫోను చేసి వద్దన్నాడు. తర్వాత తన వంతు తీసుకున్నాడు.

“రాళ్ల సంగతి తప్పే, ఒప్పుకున్నాను. మరి నువ్వు చెప్పు. అమ్మమ్మ చోళ్ల గాదె ఏమైంది?”

పంతులుగారు తల పక్కకు తిప్పుకున్నారు.

“వెదురుతో అల్లి పేడ అలికిన గాదె. మనిషి నిలువు ఎత్తు. స్లాబు ఇంట్లోకి మారినప్పుడు అడ్డమని నువ్వూ నాన్నా కలిసి నీళ్లపొయ్యిలో పెట్టేశారు. నేను చూశాను. తలుపు గడపతో సహా ఎవడో వ్యాన్‌లో వచ్చి కొనుక్కుపోయాడు. ఏ సిటీ రెస్టారెంట్లోనో మన గుమ్మం గోడకి వేలాడుతూ ఉంటుంది. దేవుళ్లకి నేను ఎసరు పెడుతున్నానంటావు. ఇంట్లో ఉన్నదాన్ని పొయ్యిలో పెట్టిన చేతులు ఎవరివి?”

“అప్పుడు అది పాతదనిపించింది రా. పాతదంటే సిగ్గుగా ఉండేది.” గొంతు తగ్గింది. “హాస్టల్లో పిల్లలు ఆనపకాయ బుర్రలో నీళ్లు తెచ్చుకుంటే నేనే స్టీలు గ్లాసులు ఇప్పించేను.”

బుర్రలు, తుడుం, మోరి, థింసా సామగ్రి ఇప్పుడు చూడాలంటే అరకులో 1996లో తెరిచిన గిరిజన మ్యూజియానికి వెళ్లాలి. అక్కడ ఏ వస్తువు ఏ తెగదో రాసి ఉంటుందని మావయ్య మెచ్చుకోలు. అక్కడి బొమ్మ మనుషుల భుజం మీద చెయ్యేసి టూరిస్టులు సెల్ఫీ దిగుతారని అల్లుడి విసురు. రెండూ నిజమే.

*

సాయంత్రం వాదన డబ్బు మీదికి మళ్లింది. దానికి ముందొక చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1959 నాటి రెగ్యులేషను. దాన్ని గట్టి చేసిన 1970 సవరణనే అందరూ 1/70 అంటారు. అనంతగిరి మండలం బొర్రా పరిసరాల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దానికి పెద్ద అండ. కానీ బినామీలు అనే మాట ఈ లోయలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“ఈ గది నేను కట్టకపోతే ఎవడో బినామీ పేరుతో రిసార్టు కడతాడు మావయ్యా. గేటు దగ్గర ఈటె పట్టుకున్న ఫైబర్ గిరిజనుణ్ని నిలబెడతాడు. మనవాడు లోపల టేబుల్ తుడుస్తాడు. గోవాలో నేను చేసిందదే కదా.”

హాలీవుడ్ బార్లలోనూ కౌంటరు వెనక నిజంగా పానీయాలు కలిపిందీ, రుచులు కనిపెట్టడంలో చెయ్యేసిందీ చాలావరకు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. పేరు యజమానిది. వాళ్లలో రే బుహెన్ అనే ఆయన 1934లో డాన్ బీచ్ దగ్గర మొదలుపెట్టి, ఏళ్ల తరబడి అక్కడా ఇక్కడా పనిచేసి, 1961లో లాస్ ఏంజిలిస్‌లో ‘టికీ-టి’ అనే చిన్న సొంత బారు పెట్టుకున్నాడు. ఆయన కుటుంబమే దాన్ని నడుపుకుంటూ వచ్చింది. మేనల్లుడు ఆ కథ చెబుతుంటే గొంతులో ఉత్సాహం దాగలేదు. వాడికి టికీ నచ్చడానికి అసలు కారణం బొమ్మలు కావని, బుహెన్ అని అప్పుడు అర్థమవుతుంది.

“సొంతది పెట్టుకో, ఎవడొద్దన్నాడు?” పంతులుగారు అన్నారు. “బొంగు చికెన్ అమ్ముకుంటున్నాం. అడ్డాకు విస్తళ్లు అమ్ముతున్నాం. అమ్మకం తప్పంటే ఊరు పస్తుంటుంది. నేననేది, నీ సరుక్కి నువ్వు వేరేవోడి పేరెందుకు పెడతావని.”

“మన పేరు పెడితే ఎవరొస్తారు? ‘ట్రైబల్ రూమ్’ అని పెట్టనా?”

“అదింకా దరిద్రం.”

ఈ ఒక్క మాట మీద ఇద్దరికీ ఏకాభిప్రాయం. అరకులో బగతలు, వాల్మీకులు, కొండదొరలు, పోర్జాలు, కోటియాలు, గదబలు, ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి మాట వాళ్లది. ‘ట్రైబల్’ అనేసరికి అందరూ కలిసి ఒకే ఫైబర్ బొమ్మ అయిపోతారు. హవాయి, తాహితి, మావోరీ, ఈస్టర్ ద్వీపం అన్నిటినీ కలిపి టికీ చేసింది కూడా ఇలాగే.

గోడకు ఏం వేలాడదీయాలన్నది మిగిలిపోయింది. పోలినీషియాలో చెట్టు బెరడును సాగగొట్టి తాపా బట్ట చేస్తారు, టికీ గదులకు అది తప్పనిసరి. దానికి వరస కలిసేది ఈ కొండల్లోనే ఉంది. గదబ ఆడవాళ్లు కెరంగ్ పొద నార తీసి, వడికి, ఎరుపు, నీలం, తెలుపు చారలతో నేసిన చీర. పంతులుగారు కుర్రతనంలో సంతల్లో చూసేవారు. ఎవరి పెట్టెలోదైనా పాతది కొందామని అల్లుడు. ఆయన ఒప్పుకోలేదు. నేత వచ్చినవాళ్లు ఇంకా ఉంటే వెతికి, కూలి ఇచ్చి, కొత్తది నేయించమన్నారు. ముసలమ్మ కట్టుకున్న చీర తెచ్చి గోడకు కొట్టొద్దన్నారు. పాత సామాను గదిలో కొత్తదేమిటని అల్లుడు నసిగాడు. “అన్నీ ఏరుకోకూడదు. కొన్ని చేయించుకోవాల,” అని ఆయన మళ్లీ పెంకు అందుకున్నారు.

చీకటి పడేలోగా లెక్క చూశారు. గది కప్పుకు రెండు వందల పాతిక పెంకులు తక్కువ. పంతులుగారి పశువులశాల మీద ఉన్నాయి, ఆవులు అమ్మేశాక శాల ఖాళీగానే ఉంది. ఆయన ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు. రేపు నిచ్చెన పట్టుకురమ్మన్నారు.

“ఇంకోటి చెప్పాలి మావయ్యా,” అన్నాడు అల్లుడు, ఫోను చూసుకుంటూ. “టికీ మాస్కులు నాలుగు, నెల కిందటే ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చేశాను. ప్లాస్టిక్‌వి. వెనక్కి తీసుకోరట.”

“ఎక్కడున్నాయి?”

“పొద్దున్న విశాఖలో ఉన్నాయి. ఇప్పుడు ఎస్.కోట దాటినట్టు చూపిస్తోంది.”

పంతులుగారు ఆఖరి పెంకును కణుపుతో కొట్టారు. ఖంగుమంది. ఎడమ దొంతరలో పెట్టారు.